కంచె బయట చేను: సరిహద్దు పక్కన ఉండేవాళ్ళకి భద్రత అంటే ఏమిటి?

వేణి_కందుకూరు

అందరికీ నమస్కారం. మాది కందుకూరు వైపు. బ్యాంకు ఉద్యోగం. రెండేళ్ళుగా పశ్చిమ బెంగాల్‌లో, కూచ్‌బిహార్ జిల్లా దిన్‌హటా దగ్గర ఒక బ్రాంచిలో పనిచేస్తున్నాను. వచ్చిన కొత్తలో ఇక్కడి పొగాకు చేలు చూసి ప్రాణం లేచొచ్చింది. మన రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థకి దిన్‌హటాలో ఒక కేంద్రం ఉందని కూడా ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పోయిన నెల ఒక పంట రుణం కోసం పొలం చూడటానికి వెళ్ళాను. రైతుకి అరవై దాటి ఉంటాయి. ఆయనతో నడుస్తూ పోతే ముళ్ళకంచె వచ్చింది. మనిషి ఎత్తుకి రెండింతలు ఉంది, మధ్యలో చుట్టలు చుట్టిన తీగ. బంగ్లాదేశ్ సరిహద్దు వచ్చేసిందనుకుని ఆగిపోయాను. ఆయన "ఇంకా ముందుకి మేడమ్, నా పొలం ఓపారే" అన్నారు. ఓపార్ అంటే అవతలి ఒడ్డు. అక్కడ బీఎస్ఎఫ్ గేటు ఉంది. నా గుర్తింపు కార్డు తీసుకుని రిజిస్టర్లో రాసుకున్నారు. ఆయన కూడా తన కార్డు అక్కడ ఇచ్చారు. అవతల ఆయన పొలం, ఇంకా నాలుగైదు ఇళ్ళు, ఒక చిన్న చెరువు ఉన్నాయి. ఆ తర్వాత ఎక్కడో గడ్డిలో ఒక తెల్ల రాతి స్తంభం. అసలు సరిహద్దు అదీ.

మన ఊళ్ళల్లో చేనుకి కంచె వేసుకుంటాం. చేనే కంచె బయట ఉండటం నేను మొదటిసారి చూశాను.

అప్పటి నుంచి బ్రాంచికి వచ్చేవాళ్ళని మెల్లగా అడుగుతున్నాను. ఈ కంచె వచ్చాక మీకు ధైర్యంగా ఉందా, భయంగా ఉందా? ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు. ఒకావిడ "లైట్లు వచ్చాక హాయిగా నిద్రపోతున్నాం" అంది. అదే ఊరి ఇంకొకాయన "సాయంత్రం గేటు మూశాక నా దేశం నాకు తాళం వేసుకుంటుంది" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఇక్కడ మన వాళ్ళలో సరిహద్దులో డ్యూటీ చేసినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఉంటారు. కంచె ఉన్నచోట జనం మనసులో సరిహద్దు అనే భావన ఎలా మారుతుందో మీరు చూసింది చెప్పండి. వార్తల్లో వచ్చేది కాదు, కళ్ళారా చూసింది కావాలి.

రవి_నిజామాబాద్

వేణి గారూ, మీ పోస్టు చదివితే బాధనిపించింది కానీ ఒక మాట అడగాలి. బంగ్లాదేశ్‌తో మనకి 4,096 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. మనకున్న భూ సరిహద్దుల్లో అదే పెద్దది. నకిలీ నోట్ల కేసు ఎక్కడ దొరికినా మాల్దా పేరు వినిపించేది. పశువుల అక్రమ రవాణా, మత్తు కోసం తాగే దగ్గు మందు సీసాలు, మనుషుల రవాణా, ఇవన్నీ ఆ సరిహద్దు మీదుగానే. కంచె లేకపోతే ఎలా? నాలుగు పొలాలకి ఇబ్బంది అని దేశం మొత్తం తలుపు తీసి పెట్టుకోలేం కదా. అక్కడి వాళ్ళకి కూడా చివరికి మేలే జరిగింది కదా?

సిక్కోలు_జవాన్

అమ్మా వేణీ, నేను బీఎస్ఎఫ్‌లో ఇరవై రెండేళ్ళు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం జిల్లా. మా ఊళ్ళో ఇంటికొకడు ఫోర్సులో ఉంటాడు. త్రిపుర, నదియా, పంజాబ్ మూడుచోట్లా చేశాను. కాబట్టి గేటుకి ఇవతలి నుంచి కనబడేది నేను చెప్పగలను.

కంచె మనిషిని ఆపదు. ఇది ముందు అర్థం కావాలి. కంచె టైము ఇస్తుంది, అంతే. కోసేవాడు కోస్తాడు, వెదురు నిచ్చెన వేసేవాడు వేస్తాడు. వాడికి పట్టే ఆ నాలుగైదు నిమిషాల్లో మేము అక్కడికి చేరుకోవాలి. చలికాలం నదియాలో పొగమంచు పడితే చేతిలో టార్చి ఉన్నా పక్క మనిషి కనబడడు. అలాంటి రాత్రి ఆరు గంటలు కంచె వెంబడి నడిస్తే తెలుస్తుంది టెన్షన్ అంటే ఏమిటో.

ఇక ఊరివాళ్ళ సంగతి. జనపనార మా వైపు గోగు లాగే ఎత్తుగా పెరుగుతుంది, మనిషి మునిగిపోతాడు. కంచె పక్కన వెయ్యొద్దని మేమే చెప్పేవాళ్ళం, దాని చాటున ఎవరున్నా కనబడదు మరి. రైతుకి మాత్రం ఆ భూమిలో డబ్బులొచ్చే పంట అదొక్కటే. వాడు నా మొహం చూసేవాడు, నేను వాడి మొహం చూసేవాణ్ణి. మా ఇంట్లోనూ గోగు వేసేవాళ్ళమే కాబట్టి వాడి బాధ నాకు తెలుసు. అయినా వద్దనే చెప్పాలి.

ఒక్కటి గమనించాను. గేటు దగ్గర ఉన్న జవాను మంచివాడైతే ఆ ఊరికి సరిహద్దు మంచిదిగా కనబడుతుంది. దురుసువాడైతే కంచె మొత్తం శత్రువైపోతుంది. అదే తీగ, అదే తాళం. కష్టం ఏమిటంటే మేము ఊరివాళ్ళ పేర్లు, ఎవరి కొడుకు ఎవరు అనేది నేర్చుకునేసరికి బెటాలియన్ మారిపోతుంది. కొత్తవాళ్ళు వస్తారు. వాళ్ళకి బెంగాలీ రాదు. డెబ్బై ఏళ్ళ ముసలాయన తన పొలానికి తాను వెళ్ళడానికి మళ్ళీ మొదటి నుంచి తానెవరో చెప్పుకోవాలి.

రవి బాబూ, దేశానికి కంచె అవసరం లేదని నేను అనను. నా సర్వీసంతా దాని పక్కనే గడిచింది. కానీ "నాలుగు పొలాలు" అనకు. అవి చాలా ఎక్కువ.

పద్మజ_హెచ్‌సీయూ

నేను సరిహద్దు గ్రామాల మీద పరిశోధన చేస్తున్నాను. అసలు కంచె అంత లోపలికి ఎందుకు వచ్చిందో చెప్తాను, లేకపోతే వేణి గారు చూసింది ఎవరో ఇంజినీరు పొరపాటు అనుకుంటారు.

1975లో భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు అధికారుల కోసం ఉమ్మడి మార్గదర్శకాలు రాసుకున్నాయి. జీరో లైన్‌కి, అంటే అసలు సరిహద్దు గీతకి, రెండు వైపులా 150 గజాల లోపు రక్షణ కట్టడాలు ఉండకూడదని అందులో ఉంది. కంచె రక్షణ కట్టడమా కాదా అన్నది దశాబ్దాలుగా నడుస్తున్న వాదన. మనం 1980ల చివర్లో కంచె మొదలుపెట్టినప్పుడు చాలాచోట్ల ఆ 150 గజాలు వదిలేసి మన భూమి లోపల వేశాం. మ్యాపు మీద అది ఏమీ కాదు. నేల మీద ఇళ్ళు, గుడులు, మసీదులు, శ్మశానాలు, చెరువులు, మంచి మాగాణి అంతా ఆ పట్టీలో ఉంది. ఇప్పటికి సుమారు 3,200 కిలోమీటర్ల పొడవునా కంచె పడింది. ఎంత పొడవైన పట్టీ వదిలామో ఊహించుకోండి. ఇళ్ళు మరీ దగ్గరగా ఉన్నచోట రెండు దేశాలూ మాట్లాడుకుని ఒంటి వరుస కంచెని జీరో లైన్‌కి దగ్గరగా వేసినవి కొన్ని ఉన్నాయి. ఆ ఒప్పందాలు కూడా గొడవ లేకుండా జరగవు. 2025 జనవరిలో మాల్దా జిల్లా సుక్‌దేవ్‌పూర్‌లో పని ఆగిపోయి, ఢాకాలో మన హైకమిషనర్‌ని పిలిచి మాట్లాడేదాకా వెళ్ళింది.

నా పరిశోధనలో నాకు బాగా తట్టింది ఒకటే. కంచె పడ్డాక జనం మాటల్లో సరిహద్దు స్థలం మారిపోయింది. "బోర్డర్ ఎక్కడ?" అని పిల్లల్ని అడిగితే కంచె వైపు చూపిస్తారు, స్తంభం వైపు కాదు. అంటే 150 గజాల భారతదేశం వాళ్ళ మనసులోంచి జారిపోయింది. కంచె లోపల ఉన్నవాళ్ళు బయట ఉన్న తమ ఊరివాళ్ళనే "ఓపారేర్ లోక్", అవతలి మనుషులు అంటారు. ఆ అవతలి మనుషులు ఓటేసేది, రేషన్ తీసుకునేది ఇక్కడే.

పెళ్ళి సంబంధాలు అడిగి చూడండి వేణి గారూ. కంచె బయట ఇల్లు ఉన్న అబ్బాయికి పిల్లనివ్వరు.

బెంగాలీక్యాంప్_బాబు

వేణి అక్కా, నాది కాగజ్‌నగర్. ఇంట్లో బెంగాలీ, బడిలో తెలుగు. మా తాత 1964లో ఖుల్నాలో అల్లర్లు జరిగినప్పుడు కట్టుబట్టలతో వచ్చారు. రాయపూర్ దగ్గర మానా క్యాంపులో కొన్నేళ్ళు ఉంచి తర్వాత ఇక్కడ భూమి ఇచ్చారు. మా వైపు వచ్చి చూస్తే చేపల చెరువులు, తులసి కోటలు, తెలుగు బోర్డులు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

తాత చెప్పేవారు, సరిహద్దు దాటినట్టు తనకి తెలియనే లేదని. రాత్రంతా నడిచారు. తెల్లారాక టీ కొట్టువాడు ఇచ్చిన చిల్లర చూసి ఇండియాలో ఉన్నామని తెలిసిందట. అంతే సరిహద్దు అప్పుడు.

మా మేనత్తని నదియా జిల్లాలో ఇచ్చారు. కంచెకి కిలోమీటరు దూరంలో ఉంటుంది. నేను ప్రతి రెండేళ్ళకి వెళ్తాను. ఆమెని ఒకసారి అడిగాను, ఈ కంచె చూస్తే నీకు ఏమనిపిస్తుంది అని. "మా నాన్న పారిపోయి వచ్చిన దారికి అడ్డంగా వేశారు. అది ఉంది కాబట్టే నాకు నిద్ర పడుతుంది" అంది. నేను ఏమీ అనలేకపోయాను. ఆమె ఆ దారిన పారిపోయి వచ్చినవాళ్ళ పిల్ల. ఆమె భయానికి కారణం ఉంది.

వాళ్ళ పక్కింటివాళ్ళు ముస్లింలు. ఆ భూమి మీద వాళ్ళు ఎన్ని తరాల నుంచి ఉన్నారో మా అత్తకే తెలియదు, తను వచ్చేసరికే ఉన్నారు. వాళ్ళ పొలంలో సగం కంచె బయట. ఒకే గేటు దగ్గర మా బావని ఒక్క చూపు చూసి పంపిస్తారు, పక్కింటి అబ్బాయిని కార్డు తిప్పి తిప్పి చూస్తారు. మా బావే చెప్పాడు ఇది, చెప్పేటప్పుడు తల దించుకున్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడారు.

అత్తకి భద్రత ఇచ్చే తీగే ఆ అబ్బాయికి రోజూ పరీక్ష పెడుతోంది. రెండూ నిజమే. ఇందులో ఏది పెద్దదో నేను చెప్పలేను, కానీ అత్త మాట విన్నంతగా ఆ అబ్బాయి మాట ఎవరూ వినలేదని మాత్రం చెప్పగలను.

రవి_నిజామాబాద్

బాబు పోస్టు రెండుసార్లు చదివాను. "నాలుగు పొలాలు" అన్నందుకు సిక్కోలు బాబాయ్‌కి క్షమాపణ చెప్తున్నాను, తెలియక అన్నాను.

అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. లైట్లు వచ్చాక నిద్రపోతున్నాం అన్నావిడ గురించి వేణి గారు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆవిడ కథ కూడా పూర్తిగా చెప్పండి. కంచె వల్ల మేలు జరిగిందనేవాళ్ళని మనం వినకపోతే అదీ తప్పే.

వేణి_కందుకూరు

న్యాయమైన మాట రవి గారూ.

ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. మా బ్రాంచిలో మహిళా సంఘం ఖాతా చూసుకుంటుంది. తను కాపరానికి వచ్చిన కొత్తలో పశువుల్ని రాత్రి ఇంట్లో, మంచం పక్కనే కట్టుకునేవాళ్ళట. దొంగలు అవతలి నుంచి వచ్చి తోలుకుపోయేవాళ్ళు. అడ్డొస్తే కొట్టేవాళ్ళు. ఒకసారి వాళ్ళ మామగారి తల పగిలింది. పోలీస్ స్టేషన్ చాలా దూరం. ఫిర్యాదు ఇచ్చినా దొంగ ఇంకో దేశంలో ఉన్నాడు కదా, ఏం చేస్తారు? కంచె, లైట్లు వచ్చాక అవి ఆగాయి. "నా కోడలు రాత్రి ఒక్కతే బయటికి వెళ్ళగలుగుతోంది, నేను వెళ్ళలేకపోయాను" అంది. ఇది చిన్న విషయం కాదు. ఒక ఆడదానిగా నాకు బాగా అర్థమైంది.

కానీ అదే లైట్ల అవతల ఇల్లున్న ఇంకొకావిడ ఉంది. ఆమె కూడా మా ఖాతాదారే. "దొంగలు ఇప్పుడు మీదాకా రాలేరు కాబట్టి మా దగ్గరే ఆగుతున్నారు" అంది. లైటు కంచె మీద పడుతుంది. దాని వెలుగుకి కళ్ళు అలవాటు పడితే అవతల ఇంకా చీకటిగా కనిపిస్తుందట. కేకేస్తే వినబడుతుంది, కానీ రావడానికి గేటు తెరవాలి.

భద్రత పెరగలేదని నేను అనడం లేదు. కంచెకి ఇవతల అది పెరిగింది. ఆ పెరిగిన దాని ఖర్చులో ఎక్కువ భాగం అవతలి నాలుగిళ్ళు కడుతున్నాయి.

సునీత_బ్రౌన్స్‌విల్

టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు మీద, బ్రౌన్స్‌విల్ అనే ఊళ్ళో ఉంటాను. ఆస్పత్రిలో పని. ఈ చర్చ చదువుతుంటే మా ఊరే గుర్తొచ్చింది.

ఇక్కడ సరిహద్దు రియో గ్రాండే నది. వరద వచ్చినప్పుడు నీటికి అడ్డం పడే కట్టడాలు వద్దని 1970లో రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అందుకని 2006 చట్టం తర్వాత ఇనప కంచె వేసినప్పుడు నది ఒడ్డున కాకుండా లోపలికి, చాలావరకు కరకట్టల వెంబడి వేశారు. కొన్నిచోట్ల నదికి, కంచెకి మధ్య చాలా దూరం ఉంటుంది. ఆ మధ్యలో అమెరికన్ల ఇళ్ళు, నిమ్మ తోటలు ఇరుక్కున్నాయి. అంటే మీ 150 గజాల కథే.

ఒక తేడా ఉంది. ఇక్కడి గేట్లకి నంబరు నొక్కే మీట పలకలు పెట్టి, ఆ నంబరు ఇంటివాళ్ళకే ఇచ్చారు. రాత్రి రెండింటికైనా తామే తెరుచుకుని వెళ్ళొచ్చు. అయినా వాళ్ళకి కోపం పోలేదు. నా దగ్గరికి చూపించుకోవడానికి వచ్చే ఒక పెద్దాయన ఇల్లు అటువైపే. "కరెంటు పోతే గేటు తెరుచుకుంటుందా, మంటలు వస్తే ఫైరింజన్ వాళ్ళకి నంబరు తెలుసా" అని ఆయనకి ఎప్పుడూ దిగులే. కంచె లేనప్పుడు ఆయనకి ఈ భయాలు లేవు. ఆయన భయపడేది నది దాటి వచ్చేవాళ్ళ గురించి కాదు, గేటు గురించి.

ఇంకొకటి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన వాళ్ళు ఫోన్ చేస్తే మొదటి మాట "అక్కడ సేఫేనా?" అనే. టీవీలో కంచె చూపిస్తారు కాబట్టి అక్కడ యుద్ధం జరుగుతోందనుకుంటారు. మేము రాత్రి పదింటికి పిల్లల్ని తీసుకుని ఐస్‌క్రీం తినడానికి వెళ్ళే ఊరిది. ఎల్ పాసో కూడా సరిహద్దు ఊరే, కంచె పడకముందు నుంచీ నేరాలు తక్కువున్న పెద్ద నగరాల్లో దాని పేరుంది. కంచెకి దూరంగా ఉన్నవాళ్ళకి దాన్ని తలుచుకుంటేనే ధైర్యం, తలుచుకుంటేనే భయం. దగ్గరున్నవాళ్ళకి అది పనికెళ్ళే దారిలో ఒక అడ్డు.

పద్మజ_హెచ్‌సీయూ

సునీత గారు చెప్పిన "నంబరు ఎవరి చేతిలో ఉంది" అన్నది చాలా ముఖ్యం. నా నోట్స్‌లో దీనికి దగ్గరగా ఉన్నది పంజాబ్.

పంజాబ్‌లో 553 కిలోమీటర్ల సరిహద్దు. తీవ్రవాదం మంచి ఊపులో ఉన్న రోజుల్లో, 1980ల చివర్లో, కంచె మొదలైంది. అక్కడా వేల ఎకరాలు కంచె అవతల పడ్డాయి. ఎత్తుగా పెరిగే పంటలు వెయ్యకూడదు, టైము ప్రకారం గేటు, పక్కన జవాను. కానీ అక్కడి రైతులు బెంగాల్ రైతుల్లా మాట్లాడరు. వాళ్ళకి కంచె కన్నా యుద్ధం పెద్ద భయం. 1965, 1971 చూసిన కుటుంబాలు. 2001-02లో సైన్యం మోహరించినప్పుడు వాళ్ళ పొలాల్లో మందుపాతరలు పెట్టారు, తర్వాత ఎందరో రైతులు గాయపడ్డారు. 2016 సెప్టెంబరులో పది కిలోమీటర్ల లోపు ఊళ్ళన్నీ ఖాళీ చేయమన్నారు. 2025 ఏప్రిల్లో పహల్గామ్ దాడి తర్వాత కంచె అవతలి గోధుమ త్వరగా కోసుకోమన్నారు. రాత్రీ పగలూ కోశారు.

అక్కడ కంచె జనానికి ఒక సూచిక లాంటిది. గేటు టైము తగ్గిందంటే ఢిల్లీలో ఏదో జరుగుతోందని అర్థం. పేపరు కన్నా ముందు వాళ్ళకి తెలుస్తుంది. బెంగాల్లో అవతలివాళ్ళు నిన్నటిదాకా చుట్టాలు, ఒకే భాష, ఒకే పండుగలు, ఒకే అన్నం. అందుకే అక్కడ కంచె ఇంటి మధ్యలో గోడలా తగులుతుంది. ఒకే రకం ముళ్ళ తీగ రెండుచోట్ల రెండు రకాలుగా అర్థమవుతోంది. కాబట్టి "కంచె వల్ల జనం ఇలా అనుకుంటారు" అని ఒక్క సూత్రం ఎవరైనా చెప్తే నేను నమ్మను.

సిక్కోలు_జవాన్

పంజాబ్ గురించి అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం.

2011 జనవరిలో కూచ్‌బిహార్ వైపు కంచె మీద ఒక 15 ఏళ్ళ బంగ్లాదేశ్ అమ్మాయి మా ఫోర్సు తూటా తగిలి చనిపోయింది. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. నేను అప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాను. ఆ ఫొటో చూసిన రోజు మా బ్యారక్‌లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. అందరికీ ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారు. ఆ సరిహద్దులో ప్రాణం తీయని ఆయుధాల వాడకం పెరగడం మేము చూశాం. దాంతో మా వాళ్ళు కూడా దెబ్బలు తిన్నారు, అదీ నిజమే. కానీ అవతలి ఊళ్ళల్లో పిల్లలకి కంచె అంటే ఆ ఫొటోయే. దాన్ని ఎవరూ చెరపలేరు.

మంచి కూడా ఒకటి చెప్తాను. నదియాలో మా వాళ్ళు 2023 చివర్లో కంచె వెంబడి తేనెటీగల పెట్టెలు పెట్టారు. కంచె కోసేవాడు ఈగలకి భయపడి రాడు, తేనె ఊరివాళ్ళకి. చుట్టూ పూల మొక్కలు కూడా వేశారు. నేను రిటైరయ్యాక జరిగింది, పాత స్నేహితుడు వీడియో పంపాడు. ఊరి ఆడవాళ్ళు, జవాన్లు కలిసి పెట్టెలు విప్పుతున్నారు. కంచె దగ్గర ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి ఉండటం నా సర్వీసులో నేను చూడలేదు.

బెంగాలీక్యాంప్_బాబు

ఫోన్ల సంగతి ఎవరూ చెప్పలేదు. కంచె దగ్గర మన ఫోన్ బంగ్లాదేశ్ సిగ్నల్ పట్టుకుంటుంది. వాళ్ళ టైము మనకన్నా అరగంట ముందు. పొలంలో ఉన్నవాడు ఫోన్ చూసి గేటు మూసేస్తారని పరుగెత్తుకొస్తాడు, వచ్చేసరికి ఇంకా అరగంట ఉంటుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి పని చేసే ఓపిక ఉండదు. మా బావ అందుకే ఫోన్ నమ్మడు, చేతి గడియారం పెట్టుకుని వెళ్తాడు. నీళ్ళ సీసా లేకుండా అయినా వెళ్తాడు కానీ గడియారం లేకుండా వెళ్ళడు.

వేణి_కందుకూరు

బాబూ, మా రైతుది కూడా అంతే. ఆ రోజు నాతో మాట్లాడుతున్నంతసేపూ చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నారు. నేనేదో విసిగిస్తున్నాననుకున్నాను.

ఆయన రుణం సంగతి చెప్పాలి. బ్యాంకులో "సెక్యూరిటీ" అంటే తాకట్టు. కంచె బయట భూమికి ఇక్కడ విలువ చాలా తక్కువ కడతారు, కొనేవాడు దొరకడు కాబట్టి. అదే మట్టి, అదే పొగాకు, పట్టా కూడా ఒకలాంటిదే. లోపలి భూమికి వచ్చినంత రుణం బయటి భూమికి రాదు. దేశ సెక్యూరిటీ కోసం వేసిన కంచె ఆయన భూమిని సెక్యూరిటీగా పనికిరాకుండా చేసింది. ఈ మాట నోట్‌లో రాసి పైకి పంపాను. పంట రుణం మంజూరైంది, అడిగినంత కాదు.

ఇక్కడికి దగ్గర్లోనే పాత ఛిట్‌మహల్ ఊళ్ళు ఉన్నాయి. మన భూమి మధ్యలో ఉన్న బంగ్లాదేశ్ తునకలు. 2015 జులై 31 అర్ధరాత్రి వాటిని మార్చుకున్నారు. ఇటువైపు వాళ్ళవి 51, అటువైపు మనవి 111. ఇక్కడ 14,800 మందికి పైగా ఒక్క రాత్రిలో భారత పౌరులయ్యారు. అక్కడి ఒక యువకుడు ఖాతా తెరవడానికి వచ్చినప్పుడు ఈ కంచె మాట అడిగాను. "మా చుట్టూ ఏ కంచే లేదు మేడమ్. కానీ బడికి వెళ్ళాలంటే పక్కూరి ఎవరినో నాన్న అని రాయించుకోవాల్సి వచ్చేది. కంచె ఉన్నవాళ్ళకి కనీసం అది ఎక్కడుందో కనిపిస్తుంది" అన్నాడు. నేను కంచె ఒక్కటే చూస్తున్నానని అప్పుడు తెలిసింది.

పద్మజ గారు అడగమన్న పెళ్ళి సంబంధాల మాట కూడా అడిగాను. మా రైతుకి ముగ్గురు కొడుకులు. ఇద్దరు కంచె లోపల అద్దె ఇల్లు తీసుకున్నాకే పెళ్ళిళ్ళయ్యాయి. మూడోవాడు తండ్రితో బయటే ఉంటానన్నాడు. ఇంకా కాలేదు.

సిక్కోలు బాబాయ్, ఒక్కటి అడగనా? రాత్రి గేటు మూశాక అవతల ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? ఇక్కడివాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

సిక్కోలు_జవాన్

తెరుస్తారమ్మా. పోస్టుకి ఫోన్ చేస్తారు, లేకపోతే కంచె దగ్గరికొచ్చి టార్చి ఊపుతారు. గేటు దగ్గర తాళంచెవి ఉండదు, పోస్టులో ఉంటుంది. కమాండర్‌కి చెప్పాలి, రిజిస్టర్లో రాయాలి, ఇద్దరు తోడుగా వెళ్ళాలి. అన్నీ సవ్యంగా జరిగితే పదిహేను, ఇరవై నిమిషాలు.

త్రిపురలో ఒకసారి వానాకాలం రాత్రి టార్చి ఊపారు. పురిటి నొప్పులు. నేను అప్పుడు అక్కడికి కొత్త. తాళంచెవి తేవడానికి పరుగెత్తాను, బురదలో పడ్డాను. వచ్చేసరికి వాళ్ళు ఆ అమ్మాయిని తలుపు చెక్క మీద పడుకోబెట్టి కంచె అవతల నిలబడి ఉన్నారు. వాళ్ళమ్మ తీగ సందులోంచి చెయ్యి పెట్టి ఇటువైపు ఉన్న ఆశా కార్యకర్త చెయ్యి పట్టుకుని ఉంది. తాళం తుప్పు పట్టి తిరగలేదు. నూనె కోసం మళ్ళీ ఒకడు పరుగెత్తాడు. ఆ నిమిషాల్లో ఎవరూ నన్ను తిట్టలేదు. వాళ్ళ తాత మాత్రం "బాబూ, ఈ తాళం ఎవరి కోసం?" అని అడిగారు, బెంగాలీలో. నాకు అప్పటికి అంత భాష రాదు, పక్కవాడు చెప్తే తెలిసింది.

గేటు తెరుచుకుంది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారని మూడో రోజు చెప్పారు. ఆ తర్వాత నేను ఏ పోస్టులో ఉన్నా వారానికోసారి నా చేత్తో గేటు తాళానికి నూనె వేసేవాణ్ణి. పంజాబ్‌లో కూడా.

వేణి_కందుకూరు

బాబాయ్, రేపు ఆ వైపు ఇంకో పొలం చూడటానికి వెళ్ళాలి. గేటు దగ్గర అబ్బాయి విజయనగరం అతనని నిన్ననే తెలిసింది. ఈ పోస్టు అతనికి చూపిస్తాను.